మేక్‌ఫైల్ చదివిన అక్క

ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ, చెప్పులు వేసుకోవడానికి కుర్చీలో కూర్చున్న అక్క మళ్లీ లేవలేదని ఆళ్లగడ్డ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. వెళ్లి, సమాధిలో గుప్పెడు మట్టి వేసి వచ్చాను. ఆమె గురించి నాలుగు మాటలు రాస్తే తప్ప నాకు కుదురుగా ఉండేలా లేదు.

అక్క నా తోడబుట్టినది కాదు. నంద్యాలలో నేను పనిచేసిన కాలేజీలో లెక్కల లెక్చరర్. డెబ్బైల నుంచీ రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చిపోయేది. ఎనభైల్లో నేను కొత్తగా చేరి "మేడం" అని పిలిస్తే, "మేడం గీడం ఏందిమ్మా, అక్కా అను" అంది. చాక్‌పీసు వేళ్లకు దొరకనంతగా అరిగేదాకా వదిలేది కాదు. పిల్లలు అడిగినదానికి జవాబు తట్టకపోతే, ఆ ప్రశ్నను బోర్డు మీద ఒక మూలన రాసి, "నాకూ తెలీదు, రేపు చూసుకోనొస్తా" అనేది. మర్నాడు చూసుకునే వచ్చేది. "తెలీదనేది తప్పు కాదు, తెలీదని ఇడ్సిపెడితేనే తప్పు" అన్నది ఆమె మాట.

ఎనభైల చివర్లో మా కాలేజీకి యూనిక్స్ కంప్యూటర్ వచ్చింది. దాన్ని నడపడం తెలిసిన సారు కొన్నాళ్లకే బదిలీ మీద వెళ్లిపోయాడు. ఇంకో కాలేజీ వాళ్లు పిల్లలకు పనికొస్తుందని ఒక స్టాటిస్టిక్స్ ప్రోగ్రాంను సోర్స్ కోడ్ రూపంలో టేపు మీద పంపారు. మా మిషన్ మీద మేమే కంపైల్ చేసుకోవాలి, అంటే మిషన్ నడపగలిగే రూపంలోకి మార్చుకోవాలి. ఏ ఫైలును ఎలా కంపైల్ చేయాలో, చివర్న అన్నిటినీ ఎలా కలపాలో చెప్పేది మేక్‌ఫైల్. టేపులో అదొక్కటే చెడిపోతే, కాగితం మీద అచ్చు తీసి పోస్టులో పంపారు. మాలో ఎవరమూ అలాంటిది చూసి ఎరగం.

ప్రిన్సిపాల్ స్టాఫ్‌రూంకు వచ్చాడు. "వచ్చే వారం తనిఖీకి వస్తాండారు. మిషన్ ఊరికే పడుందంటే ఎత్తుకోని పోతారు, దాంతోపాటు కోర్సూ పోతాది. మనమే ఇచ్చేస్తే మర్యాద" అన్నాడు.

"ఎందుకియ్యల్ల సార్?" అంది అక్క. "మన పిల్లోళ్లు యాడికి పోయి నేర్చుకుంటారు? శనివారం దాకా నాకిడ్సిపెట్టండి. కాకపోతే నేనే లారీకి ఎక్కిస్తా."

ఆ మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం పరిచింది. ప్రతి చోటా ఒక పేరు, కోలన్, దాని పక్కన మరికొన్ని పేర్లు; కింది వరుసలో కాస్త లోపలికి జరిగి ఒక కమాండ్. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. అక్క తన టిఫిన్ డబ్బా తెరిచి నా ముందు పెట్టింది.

"ఉగ్గాని కావల్లంటే ఏముండల్ల?"

"నానిన బొరుగులు, తిరగమాత, పప్పులపొడి."

"కోలన్‌కు ఈ పక్క ఉగ్గాని, ఆ పక్క నువ్వు చెప్పినవి. కిందుండేది చేసే తీరు. పొడి బాగలేదంటే అదొక్కటే మళ్లా కొట్టి కలుపుకుంటావ్. బొరుగులు మళ్లా నానేస్తావా?"

"నానెయ్యను."

"ఇదీ అంతే. మారిందాన్నే మళ్లా చేస్తాది."

అక్క దాన్నంతా టైపు చేసి, మేక్‌ఫైల్ ప్రకారం పని జరిపించే మేక్ కమాండ్ ఇచ్చింది. మొదటి కమాండ్ దగ్గరే సెపరేటర్ లేదంటూ మిషన్ ఆగిపోయింది. మళ్లీ టైపు చేసింది. మళ్లీ అదే. నేను కాగితం చూసి చదువుతుంటే తను తెర మీద అక్షరం అక్షరం సరిచూసింది. ఎక్కడా తేడా లేదు. శుక్రవారం సాయంత్రం నాకు ఓపిక పోయి, "ఇంగ ఇడ్సిపెట్టక్కా, బస్సు పోతాది" అన్నాను.

"ఇంకో బస్సుంటాది. నువ్వు పోమ్మా" అంది, తల తిప్పకుండా. నేనూ కదల్లేదు.

శనివారం పొద్దున మిషన్‌లోనే వేరే ప్రోగ్రాంకు చెందిన మేక్‌ఫైల్ ఒకటి వెతికి తెరిచింది. కమాండ్ వరుస మొదట్లో కర్సర్ నిలిపి బాణం మీట నొక్కింది. కర్సర్ ఒక్క గెంతులో కమాండ్ మీదికి దూకింది. మా ఫైలు తెరిచి అలాగే నొక్కింది. ఇక్కడ కర్సర్ గడి గడికీ ఆగుతూ నడిచింది.

"చూస్తివా? మన కంటికి రెండూ ఒగటే, దానికి గాదు. ఆడ ఖాళీలు పనికిరావు, ట్యాబ్ కొట్టల్ల."

ట్యాబ్ పెట్టాక ఫైళ్లు వరుసగా కంపైలయ్యాయి. తీరా అన్నిటినీ కలిపేటప్పుడు, స్క్వేర్‌రూట్ అనేది దొరకలేదని మళ్లీ ఆగింది. అక్క పగలబడి నవ్వింది. "లెక్కల టీచరు దగ్గరికొచ్చి స్క్వేర్‌రూట్ తెలీదంటాదే!" స్క్వేర్‌రూట్ లాంటివి ఉండే లెక్కల లైబ్రరీని కలపమని చెప్పే మాట కాగితం అంచున అచ్చు పడలేదు. అది చేర్చి మళ్లీ మేక్ ఇస్తే, కంపైలైన ఫైళ్లను ముట్టుకోకుండా చివరి కలపడం ఒక్కటే చేసింది. ప్రోగ్రాం నడిచింది.

తనిఖీ వాళ్లు చూసి వెళ్లారు. మిషన్ మా దగ్గరే ఉంది, కోర్సూ ఉంది. రిటైరయ్యేదాకా అక్క దాని మీదే పాఠం చెప్పింది. ఆ పిల్లల్లో కొందరు మొన్న సమాధి దగ్గర నా పక్కన నిలబడ్డారు.

నాకు మాత్రం ఆ శనివారమే కళ్లముందు కదులుతోంది. ప్రోగ్రాం నడవగానే ప్రిన్సిపాల్‌ను పిలుచుకొద్దామని లేచాను. ఇంతలో అక్క, కంపైలైనవన్నీ చెరిపేసే కమాండ్ కొట్టేసింది.

"ఏం చేస్తివక్కా! అంతా పోయె!"

"యాడికి పోయె? సోర్స్ ఉంది, మేక్‌ఫైల్ ఉంది. నాకొక్కదానికే వస్తే ఏం లాభం? కూర్చో. నువ్వు చెయ్."

కూర్చుని, మేక్ అని కొట్టాను. అక్క చేతులు వెనక్కి కట్టుకుని నా కుర్చీ వెనక నిలబడింది. తెర మీద పచ్చని వరుసలు ఒకటొకటిగా పైకి జరుగుతున్నాయి. వచ్చిన ప్రతి ఫైలు పేరునూ, క్లాసులో హాజరు పిలిచినట్టు, ఆమె మెల్లగా పైకి చదువుతోంది.