పచ్చిపాలు ఇయ్యని ఖాలా

కొత్తకోటలో బర్రెలు సాకే ఆమెను ఊరంతా పిన్నిని పిలిచినట్టు ఖాలా అనేది. పచ్చిపాలను గడప దాటనిచ్చేది కాదు. తొంభైలలో నా పరిశోధనకు కావలసింది పచ్చిపాలే. వాటిలో కొన్ని సూక్ష్మజీవులు వేరే క్రిములను చంపే పదార్థాన్ని తయారుచేస్తాయి. అవి దొరక్కపోతే నాకు పీహెచ్‌డీ లేదు.

ఆమె నింపిచ్చిన సీసాను ఐసు డబ్బాలో హైదరాబాదు తీసుకెళ్లి పరీక్షిస్తే ఒక్క జీవీ పెరగలేదు. తిరిగొచ్చి నిలదీశాను.

"ఎండల ఇరుగుతయని కాచి ఇచ్చిన బేటీ. తప్పా?"

"పచ్చివే అడిగిన కద ఖాలా."

"అడుగుతవు. దుష్మన్‌కు గూడ పచ్చిపాలియ్య నేను."

గంటసేపు కొట్లాడాను. చివరికి బర్రె దగ్గరికి తీసుకుపోయి, "నువ్వే పిండుకో. నా చెయ్యితోని అయితే ఇయ్య" అంది.

పిండుకున్నాను. ఆ పాలలోనే నాకు కావలసిన జీవి దొరికింది. జన్యువులు పోల్చి దాని జాతి కూడా తేల్చాం. పట్టా వచ్చాక చెప్పడానికి వెళ్లాను.

"మీ బర్రె పాలల్ల క్రిములను చంపే క్రిమి ఉన్నది ఖాలా. దాని పేరు గూడ తెలిసింది."

శ్రద్ధగా విన్నది. "అచ్ఛా, మంచిదే" అంటూ లేచి పొయ్యి మీద పాలగిన్నె పెట్టింది.

"జర కూసో. కాగినంక తాగి పో."