'ఇతరాలు' అనే రైతు లేడు

మా కేంద్రంలో లెక్కలు రాసిన అక్క పోయిన ఆదివారం నిజామాబాద్ ఆస్పత్రిలో కన్నుమూసింది. కబురు తెలిసేసరికి నేను బోధన్‌లో, ఆమె నేర్పిన పనిలోనే ఉన్నాను. కాసేపు ఏడ్చాను. పని పూర్తి చేశాకే లేచాను. సగంలో లేస్తే అక్క ఊరుకునేది కాదు.

మాది చెరకు కొనే చిన్న కేంద్రం. కంప్యూటర్‌లో రైతుల పేర్లు ఒకచోట, బండ్ల తూకాలు ఇంకోచోట ఉంటాయి. రెంటినీ కలిపేది రైతు నంబరు. ఒక ఏడాది మా గుమాస్తా, రేషన్ కార్డులో కొట్టేసినట్టే, చనిపోయిన రైతుల పేర్లన్నీ తీసేశాడు. మహానుభావుడు, మంచి పనే చేశాననుకున్నాడు. పాత కాపీ కూడా దాచలేదు. నంబర్లున్నా అవి ఎవరివో తెలియక తూకాలు దిక్కులేకుండా మిగిలాయి. వాటిని 'ఇతరాలు' కింద పడేసి లెక్క ముగించమన్నాడు మేనేజరు.

"ఇతరాలు అనే రైతు ఏ ఊర్ల ఉన్నడు సార్? సూపెట్టుండ్రి, రాస్త," అంది అక్క.

ఆ రోజుల్లోనే ఒకామె వచ్చింది. భర్త పోయే ముందు తోలిన చెరకు లెక్కలో లేదు. ఆ పైసలు ఆమే దాచిందని మరిది ఊరంతా చెబుతున్నాడు.

"నేను దొంగదాన్ని కాదక్కా. గా చెరుకు నేనే మోపులు కట్టిన."

"దొరికెదాంక నేను ఇడువ," అని అక్క ఆమెకు మంచినీళ్లిచ్చింది.

పేరు పోయినా తూకంలో ట్రాక్టర్ నంబరు ఉంటుంది. కాటా దగ్గర ఎండలో నిలబడి, ఏ నంబరు ఏ చేను నుంచి వచ్చిందో డ్రైవర్లను అడిగేది అక్క. మోకాళ్ల నొప్పులు, కూర్చోమంటే కసురుడు. ఆ మొండితనానికి అప్పట్లో నాకు ఒళ్లు మండేది. ఈమె చెరకు తోలిన డ్రైవర్ మహారాష్ట్రకు వెళ్లిపోయాడు. అక్క బస్సెక్కి, వచ్చీరాని మరాఠీతో సంతలో వాకబు చేసి, అతన్ని పట్టుకుంది.

"కాలువ పక్క చేను. బండి బురదల దిగవడితే, పాణం బాగలేకున్నా ఆ అన్ననే ఎనుకనుంచి నూకిండు," అన్నాడతను. తన ట్రాక్టర్ నంబరూ చెప్పాడు. ఆ తూకం దొరికింది.

చనిపోయిన రైతు పేరును, ఆ తూకంలో ఉన్న పాత రైతు నంబరుతోనే మళ్లీ ఎక్కించింది అక్క. "పేరు తీయొద్దు. పక్కన 'లేరు' అని రాస్తే సాలు," అంది నాతో.

వదిననూ మరిదినీ ఇద్దరినీ పిలిపించింది. తెర మీదున్నది బిగ్గరగా చదివింది: రైతు పేరు, ఊరు, బండి, బరువు, ఇంకా ఎవరికీ ఇవ్వని పైసలు.

"మల్లొకపారి సదువక్కా," అందామె.

మరిది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"లోపలికి రా తమ్మీ. నీకోసమే సదువుతున్న."

అతను చెప్పులు విడిచి వచ్చి, వదిన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. అక్క మళ్లీ పేరు దగ్గర నుంచి మొదలుపెట్టింది.