రాగి రంగు ఆకాశం

రంగు మార్చిన ప్రతిసారీ గిరిబాబు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. గూడూరులో పెళ్లి వీడియోలకు రంగులు దిద్దే అతనికి ఇదే మొదటి షార్ట్ ఫిల్మ్. సాయంత్రం ఐదింటికల్లా పోటీకి పంపాలి. పులికాట్ సరస్సు మీద తెల్లవారే ఆకాశాన్ని వారం కష్టపడి రాగి రంగులోకి తెచ్చాడు. ఆ సన్నివేశంలో పడవ నడిపిన జాలరి కామాక్షయ్యను పిలిచి చూపించాడు.

"ఏంది అబ్బయా, తుపాను ముందర ఆకాశం పెట్టినావే! ఇది చూసి కూడా పడవ తీసేదానికి నాకేమన్నా పిచ్చా? మావోళ్లు చూస్తే నవ్వుతారు."

అప్పటికే నాలుగు దాటింది. గిరిబాబు గోరు కొరుకుతూ రాగి రంగును కొంచెం కొంచెంగా తగ్గించాడు. మామూలు బూడిద రంగు వేకువ బయటపడింది. కామాక్షయ్య కళ్లు చికిలించి తెర మీదికి వంగాడు.

"ఇంకాస్త... ఆ, చాలు. ఇప్పుడు వేటకు పోవచ్చు" అంటూ అలవాటుగా పంచె పైకి ఎగ్గట్టాడు.