చేతి చెమట వీపుకెక్కిన నాలుగు రోజులు

మా నాయనమ్మ బుల్లెమ్మ రెండు అరచేతులూ ఒకేసారి పిండితే భద్రాచలం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వాలి. నా మాటలో సగం కొట్టేసినా, ఒక చెంబు నీళ్లకు మాత్రం నాది పూచీ.

ఆమె బూర్గంపాడు చుట్టుపక్కల ఊళ్లలో గాజులు అమ్ముతుంది. ముప్పై ఏళ్లుగా సబ్బు నురగ లేకుండానే గాజులు తొడిగింది. అరచేతుల చెమటకే అవి జారి ఎక్కేవి. అయితే పోయిన ఏడు ప్రసూనగారి కూతురు దీపిక పెళ్లికి వెళ్తే, ఆ తడి చేతులు చూసి ప్రసూనగారు పిల్ల చేతిని వెనక్కి లాగేసింది.

"ఏమనుకోకు బుల్లెమ్మా, గాజులిచ్చి పో. మేమే ఏసుకుంటం."

వాళ్లే వేసుకున్నారు. మూడు చిట్లాయి. నాయనమ్మ ఇంటికొచ్చి రెండు రోజులు భుజాన మోసే గాజుల మలారం ముట్టలేదు.

ఈ ఏడు అదే దీపికకు సీమంతం. పిలుపు రాగానే నాయనమ్మ నన్ను వెంటేసుకుని ఖమ్మంలో ఒక దవాఖానాకు పోయింది. ఛాతీలో నరం కత్తిరిస్తే చేతులు ఆరిపోతాయన్నాడు డాక్టరు.

"కానీ అమ్మా, ఆ చెమట వీపుకో తొడలకో పోవచ్చు. కత్తిరించినంక మళ్లీ అతకలేం. ముందు నాలుగు రోజులు పనిచేసే ఇంజెక్షన్ ఇస్తా. ఎటు పోతదో కొంత తెలుస్తది. అచ్చంగా అట్లనే అయితదని మాత్రం చెప్పలేను." ఆపరేషన్ చేయించుకునేదీ లేనిదీ సోమవారం చెప్పమన్నాడు.

ఇంజెక్షన్ వేయించుకుని వచ్చాక ఇక ఆమె కుదురుగా కూర్చుంటే ఒట్టు. అన్నం మధ్యలో లేచి చేతులు వెలుగులో పెట్టి చూసుకునేది. పొడిగానే ఉండేవి.

"వీపు చూడవే."

"తడవలేదు."

"సరిగ చూడు."

రెండో రోజు మధ్యాహ్నానికి జాకెట్టు వెనక మచ్చ తేలింది.

"నాయనమ్మా, నీ చెమట బూర్గంపాడు ఖాళీ చేసి మణుగూరుల కిరాయికి దిగింది."

నా వీపు మీద ఒక్కటిచ్చింది.

మూడో రోజు సీమంతం. దీపిక చేతులు ఉబ్బి ఉన్నాయి. గాజు కణుపుల దగ్గరే ఆగింది. నాయనమ్మ జీవితంలో మొదటిసారి సబ్బు అడిగింది. రెండు చేతులకూ గాజులు ఎక్కించింది, ఒక్కటీ చిట్లలేదు.

"చేతులు బాగైనయే," అంది ప్రసూనగారు.

"అవ్," అంది నాయనమ్మ.

వెనక నేను కొంగు కింద తువ్వాలు దూర్చి వీపు తుడుస్తూనే ఉన్నాను. రెండుసార్లు పెరట్లో పిండుకొచ్చాను. లేచేటప్పుడు చూస్తే చాప మీద ఆమె కూర్చున్న చోటంతా తడి. నాయనమ్మ దాని మీద మలారం పెట్టి కప్పేసింది.

ఆదివారానికి అరచేతులు మళ్లీ చెమర్చాయి. సోమవారం పొద్దున డాక్టరుకు ఫోన్ కలపబోతూ అడిగాను.

"ఆపరేషన్ చేపించుకుంటవని చెప్పనా? వీపు సంగతి నేను చూసుకుంటలే."

"చేతి చెమట నేనే తుడుచుకుంటా. వీపు నాకందదు. తొమ్మిదో తరగతి నడుమల ఇడిసిపెట్టినదానివి, నేను పోయేదాక నా వీపు తుడుస్తవంటే ఎట్ల నమ్మాలె? వద్దని చెప్పు."