మా అక్క కట్టుడు పళ్లు

మొన్న నల్గొండలో కట్టుడు పళ్లు పెట్టించుకున్నాను. కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరిచింది నేను, కొలతలకు ఆ చల్లటి ముద్దను కొరికింది నేను, కానీ తీరా పళ్లు అమర్చాక వాటిని ఎలా కడగాలో, ఎప్పుడు తీయాలో ఆ పళ్ల డాక్టరు వివరించడం మొదలుపెట్టింది మాత్రం నా వెనక నిలబడ్డ మా అల్లుడికి. నాకు ఒళ్లు మండిపోయింది. “నోరు నాది బిడ్డా, నాకు జెప్పు” అన్నాను. ఏళ్ల తరబడి బస్సులో కండక్టరుగా అరిచిన గొంతు కదా, బయట బల్ల మీద కూర్చున్నవాళ్లు కూడా తొంగిచూశారు. ఇంత చిన్న విషయానికి అంత కోపమెందుకో మా అల్లుడికి తెలియదు, మన ఈడు వాళ్లకైతే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మాది మునుగోడు దిక్కు ఊరు. అక్కడి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, మా ఇంట్లో అందరివీ గార కట్టిన పళ్లే, అందులో మా అక్కవి మరీ గోధుమ రంగుకు తిరిగి అంచులు విరిగిపోయి ఉండేవి. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పెళ్లి ఫోటోలో కూడా పెదవులు బిగించుకునే ఉంది. యాభై దాటిన కొద్దికాలానికే ఉన్నవి కదిలి కదిలి ఊడిపోతే, తెలంగాణ వచ్చిన కొత్తలో బావ ఆమెను నల్గొండకు తీసుకొచ్చి పైనా కిందా నిండు వరస పెట్టించాడు. మా ఊళ్లోనే కిరాణా కొట్టు నడుపుకునే మా బావ చెడ్డవాడు కాదు, అక్కను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ముందే ఈ సంగతి చెప్పడం న్యాయం, ఎందుకంటే చెడ్డవాళ్ల మీద నాకు కోపం ఇన్నేళ్లు నిలవదు.

అప్పట్లో నా డ్యూటీ ఆ ఊరి మీదుగా పోయే బస్సులోనే. మధ్యాహ్నం బస్సు అక్కడ కాసేపు ఆగేది, అక్క టిఫిను డబ్బా పట్టుకుని స్టేజీ దగ్గర నిలబడేది. పళ్లు పెట్టించుకున్న తర్వాత ఆమె నవ్వు చూడాలి! కొంగు ఊసే మరిచిపోయింది. డ్రైవరుతో పరాచికాలు, ఎక్కే ఆడవాళ్లతో పరాచికాలు, ఆ నవ్వు బస్సు చివరి సీటుదాకా వినబడేది. యాభై ఏళ్ల నవ్వంతా ఒక్కసారే నవ్వుకుంటోందని నేను మురిసిపోయాను.

కొన్ని నెలలకు ఆ డబ్బాలో కూర రుచి మారింది. పచ్చిపులుసులో కారం లేదు, గోంగూర పెట్టడమే మానేసింది. అలాంటి చప్పిడి వంట మా ఇంటావంటా లేదు. అడిగితే నోరంతా మంట పుడుతోందని, ఏం తిన్నా రుచి తెలియడం లేదని, అందుకే వంటకు ఉప్పూ కారం అందడం లేదని చెప్పింది. పెదవుల మూలలు రెండు వైపులా చీలి, నోరు తెరిస్తే నెత్తురు చిమ్మేలా ఉన్నాయి. ఇక అందరూ డాక్టర్లే. ఒంట్లో వేడి అన్నారు, సబ్జా గింజలు నానబెట్టి తాగించారు, మజ్జిగ పోశారు, ఊళ్లో మందులిచ్చే ఆయన రంగురంగుల గోలీలు ఇచ్చాడు, అవి మింగాక మంట ఇంకా పెరిగింది. చివరికి నోట్లో పెద్ద రోగమేమో, క్యాన్సరేమోనని ఎవరో అంటే అక్క బెదిరిపోయింది. అంబలి తప్ప ఏదీ గొంతు దిగక, జాకెట్లు వదులై, స్టేజీ దగ్గరికి రావడం కూడా తగ్గించింది.

నేను సెలవు పెట్టి ఆమెనూ బావనూ వెంటబెట్టుకుని అప్పుడు అక్కకు పళ్లు పెట్టిన నల్గొండ డాక్టరు దగ్గరికే పోయాను. ఆయన పై వరస తీసి టార్చి వేసి చూపించాడు. అంగిలి మీద పళ్ల ప్లేటు కూర్చున్నంత మేరా ఎర్రగా పుండులా ఉంది, అక్కడక్కడ తెల్లటి పొర. పచ్చడి జాడీకి పట్టినట్టు నోట్లో బూజు పట్టిందని, పెద్ద రోగమేమీ కాదని, రాత్రీ పగలూ తీయకుండా ఉంచుకోవడం వల్లే ఇలా అయిందని చెప్పాడు. అక్కకు అయోమయం. అన్నం తిన్నాక పుక్కిలించడమే కానీ, పడుకునే ముందు తీయాలని ఆమెకు తెలియనే తెలియదు. నేను ఊరుకుంటానా, పళ్లు పెట్టిన రోజు ఆ ఒక్క మాట చెప్పడానికి నీ నోరేమైందని డాక్టరు మీదికి పోయాను.

ఆయన నెమ్మదిగా బావ వైపు చూపించాడు. “ఆ రోజే సారుకు జెప్పినమ్మా. రాత్రి తీసి నీళ్లల్ల ఎయ్యాలె, పొద్దున బ్రష్షుతోటి తోమాలె అని రెండుసార్లు జెప్పిన.”

కుర్చీలో కూర్చున్న మనిషిని వదిలిపెట్టి సారుకు చెప్పాడట! ఆ కోపం ఇంకా నోటి దాకా రాకముందే బావ తల దించుకుని అసలు సంగతి చెప్పాడు. మరిచిపోలేదట. “పండ్లు లేని మొఖం చూడబుద్ధి గాక జెప్పలే. గిట్లయితదని నాకేమెరుక?”

తన పక్కనే ఆమె మంటతో తిండి మానేస్తుంటే చూసిన మనిషి, సబ్జా గింజలు నానబెట్టిన మనిషి, నోరు విప్పి ఒక్క మాట చెప్పలేదు. నేను బావను ఏం తిట్టానో ఇక్కడ రాయకూడదు. అక్క మాత్రం ఒక్క తిట్టూ తిట్టలేదు. కింది వరస కూడా ఊడదీసి, డాక్టరు బల్ల మీదున్న పై వరసతో కలిపి, ఆ తడి తడి పళ్లను బావ అరచేతిలో పెట్టింది.

“గట్లయితే ఇయ్యాల్టి సంది నువ్వే పెట్టుకొని పండుకో” అంది.

నోట్లో వేసుకునే చుక్కల మందు, పళ్లకు పూసే మందు డాక్టరు రాసిచ్చాడు. కొన్ని వారాలకు మంట తగ్గింది, పెదవుల చీలికలు మానాయి, డబ్బాలోకి గోంగూర మళ్లీ వచ్చింది. పగలు పళ్లు పెట్టుకుని నవ్వేది, చీకటి పడితే తీసి గిన్నెలో వేసి బోసినోటితో హాయిగా పడుకునేది. బావ గోడ వైపు తిరిగి పడుకునేవాడని తనే చెప్పింది, చెప్పి నవ్వింది కూడా. నాకు ఆ నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు.

రెండేళ్ల కిందట అక్క నిద్రలోనే పోయింది. స్నానం చేయించి బొట్టు పెట్టాక బావ గిన్నె తీసుకుని వచ్చాడు. జర మంచిగ కనబడతది, పండ్లు పెడదాం అన్నాడు. ఆయన కళ్లనిండా నీళ్లు, నాకూ తెలుసు అవి దొంగ నీళ్లు కావని. అయినా అడ్డం నిలబడ్డాను. పోనియ్ తియ్, కట్టుకున్నోడు అడుగుతుండు గద అని చుట్టాలు ఎంత చెప్పినా నేను పక్కకు జరగలేదు. అక్క అయితే ఏమనేదో నాకు తెలియదు, ఆమె నోటి సంగతి ఆమెను అడగకుండా తేల్చడం ఇంకొక్కసారి నా ఎదుట జరగనివ్వను అని మాత్రం అనుకున్నాను. మా అక్క బోసినోటితోనే పోయింది. బావ ఆ తర్వాత నన్ను పలకరించలేదు, నేనూ పలకరించలేదు.

ఇప్పుడు ఆ ఊరికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి. బడి విడిచే వేళ ఎప్పుడైనా అటు పోతే, ఆడపిల్లలు గుంపుగా ఎదురొస్తారు, తెల్లటి పళ్లు, దాపరికం లేని నవ్వులు. మన కాలంలో ఆ ఊళ్లో అలాంటి నోళ్లు ఎక్కడున్నాయి? సంతోషించాల్సిన సంగతే, సంతోషిస్తాను కూడా. కాకపోతే సంతోషం కంటే ముందు నాకు కోపం వస్తుంది. మా అక్కకు నవ్వు దొరికిందే ముసలితనం ముంగిట, అందులో కొన్ని నెలలు ఇంట్లోవాళ్లే మంట పాలు చేశారు.