క్లోజ్ తీసేసిందెవరు

మా మేడ మీద గదిలో అద్దెకుండే ధనలక్ష్మిది పులికాట్ ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు. నెల్లూరులోని ఒక చిన్న కంపెనీకి ఆ గదిలోంచే కోడ్ రాసేది. ఆ పిల్లకి జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

బడిపిల్లల కోసం వాళ్లు ఫోనులో నిఘంటువు తయారుచేశారు. అందులోని మాటల్ని వరుసగా అందించే కోడ్‌ని ఇటరేటర్ అంటారట. అది మాటలున్న ఫైలు తెరిచి పట్టుకుంటుంది. పనయ్యాక క్లోజ్ చేస్తేనే వదులుతుంది. వదలనివి పోగుపడితే కొత్తగా అడిగినవాళ్లకి మాటే దొరకదు. అందుకని ఇటరేటర్ ఎవరు రాసినా క్లోజ్ కూడా రాసితీరాలని ధనలక్ష్మి ఇంటర్‌ఫేస్‌లోనే, అంటే ఇటరేటర్లన్నీ పాటించాల్సిన నమూనాలోనే, నియమం పెట్టింది.

ఆ పట్టుదల ఊరినుంచి వచ్చిందే. వాళ్ల నాన్న పోలేరయ్య వల వేసే చోటు సరస్సులో వంతుల మీద దక్కుతుంది. వంతు అయినవాడు వలతోపాటు పాతిన కర్రలూ పీక్కుని పోవాలి. పీకకపోతే ఊరంతా కూర్చుని అడుగుతుంది. తప్పు ఎవరిదో వాళ్లే నిలబడి ఒప్పుకోవాలి, ఇంకొకరి నెత్తిన రుద్దడం కుదరదు.

టీమ్ లీడరు శివశంకర్‌కి ఈ నియమం చాదస్తంలా తోచింది. అది లేకపోయినా నడుస్తుందిలే అని ఆమెకి చెప్పకుండా క్లోజ్‌తో సహా తీసేశాడు. బడుల్లో యాప్ మొదలైన రోజు మధ్యాహ్నానికే బిగుసుకుపోయింది.

నేను మజ్జిగ తీసుకుని పైకి వెళ్లేసరికి ఆ పెద్దమనిషి వీడియో కాల్‌లో ఉన్నాడు.

"కోడ్ ఫైలు మీద నీ పేరే ఉంది కదమ్మా. తప్పు నాదేనని మేనేజరుగారికి ఒక మెయిల్ పెట్టేయ్. లేదంటే నీ ఉద్యోగానికి నేను పూచీ కాదు."

ఎంత చల్లగా అన్నాడో! గ్లాసు ఆ తెర మీదికి విసిరేద్దామనిపించింది.

ధనలక్ష్మి గొంతు పెంచలేదు. "నేను పెట్టినాను సార్, మీరు తీసేసినారు. ఆ మాట అందరి ముందరా మీరే చెప్పాల."

ఆయన చెప్పలేదు. టీమ్‌లో అసలు సంగతి తెలిసిన మిగతావాళ్లూ నోరు మెదపలేదు. పిల్లలు ఎదురుచూస్తున్నారని ఆమే కూర్చుని నియమాన్నీ క్లోజ్‌నీ మళ్లీ పెట్టింది. సాయంత్రానికి యాప్ నడిచింది.

"ఆ మెయిలేదో పెట్టేస్తే పోయేది కదా తల్లీ" అన్నాను, భయపడి.

"చేయని తప్పు ఎట్ల ఒప్పుకునేది అక్కా?"

నెలాఖరుకి ఆమెని తీసేశారు. శివశంకర్ అక్కడే ఉన్నాడు. ఆమె పెట్టిన నియమమూ అక్కడే ఉంది, యాప్ దాని మీదే నడుస్తోంది.