వెనక నుంచి రెండు ఈలలు

పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, చొక్కా అంచుతో ఈలను తుడిచి మెడలో వేసుకోవడం మా వీధి బస్సు కండక్టరు అలవాటు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలాగే చేశాడు. ఉద్యోగం అయిపోయాకా మానలేదు. పాల కోసం వీధి చివరిదాకా వెళ్లినా మెడలో ఈల ఉండాల్సిందే. గుమ్మం దాటేముందు ఒకసారి వెనక్కి తిరిగి, ఎక్కాల్సినవాళ్లు ఎవరైనా మిగిలిపోయారేమో అన్నట్టు ఇల్లంతా కలయజూసేవాడు.

"ఎవరూ లేరులెండి, బయల్దేరండి," అనేది వంటింట్లోంచి ఆయన భార్య. "ఆ ఈల నాకు సవతి అయి కూర్చుంది."

"సవతైతే ఇన్నేళ్లలో ఒక్కసారైనా నీతో దెబ్బలాడేది కదే," అనేవాడు ఆయన.

ఇంటికి చుట్టాలొచ్చి గుమ్మంలో నిలబడితే "లోపలికి జరగండమ్మా, మధ్యలో ఖాళీగానే ఉంది" అని తోసి, "రైట్ రైట్" అనేవాడు. అందుకే మేమంతా ఆయన్ని రైట్‌రైట్ బాబాయి అనేవాళ్లం. పరిగెత్తుకొచ్చే ముసలమ్మల కోసం బస్సు ఆపించి, ఆలస్యమైందని పైఅధికారి చేత చీవాట్లు తిన్న మనిషి. "ముసలమ్మ పరిగెత్తుతుంటే కూర్చుని చూసినవాడికి పుట్టగతులుంటాయా?" అని అడిగితే, పైఅధికారి ఇంకో నాలుగు తిట్టేవాడు.

ఆ బస్సు నడిపిన డ్రైవరు ఆయనకు తోడబుట్టకపోయినా అన్నే. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే దారి. ఏటి ఒడ్డున ఉన్న ఆఖరి స్టాపు దాకా వెళ్లడం, అక్కడ బస్సు తిప్పుకుని రావడం. రోడ్డు మాత్రం వంతెన దాటి తిన్నగా సాగిపోయేది. తిప్పే ప్రతిసారీ డ్రైవరు అటే చూస్తూ, "ఈ రోడ్డు ఇక్కడితో అయిపోలేదురా. ఇలాగే పోతే దేశం ఆ చివర సముద్రం వస్తుందట," అనేవాడు. వెనక నుంచి కండక్టరు రెండు ఈలలు వేసేవాడు. డ్రైవరు నిట్టూర్చి స్టీరింగు తిప్పేవాడు. ఒక ఈలకి ఆగాలి, రెండు ఈలలకి కదలాలి. వాళ్లిద్దరి మధ్యా అంతకు మించిన భాష అవసరం రాలేదు.

తర్వాత డ్రైవరుకు కళ్లజబ్బు వచ్చింది. చూపు చుట్టూ నుంచి ముడుచుకొస్తోందని, ఇప్పటికి గొట్టంలోంచి చూసినట్టు ఎదర కాస్త కనిపిస్తుందని, రానురాను అదీ మూసుకుపోతుందని, దీనికి కళ్లజోడు పనిచేయదని డాక్టరు చెప్పాడు. ఉద్యోగం పోయింది. చూపు తగ్గిందని మాత్రం ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు, నడుంనొప్పి అన్నాడు. నిజం కండక్టరు ఒక్కడికే చెప్పాడు.

"మూసుకుపోయేలోగా ఆ సముద్రం చూడాలిరా. ఎవడో తీసుకెళ్తే కాదు. నా చేత్తో సైకిలు హ్యాండిలైనా పట్టుకుని, ఎక్కడా తిప్పకుండా వెళ్లాలి."

అదే సమయానికి దేవుడు మా ఊరికి ఒక సంఘాన్ని ప్రసాదించాడు. ఇళ్లల్లో మూలపడ్డ పాత కళ్లజోళ్లు పోగుచేసి, బాగుచేయించి, కొనుక్కోలేనివాళ్లకు ఇవ్వడం వాళ్ల పని. మంచి పనే. కాకపోతే మైకు లేకుండా చేసిన పుణ్యం దేవుడి దాకా చేరదని సంఘం అధ్యక్షుడి గట్టి నమ్మకం. పరాయి ఊళ్ల మైకుల మీద నమ్మకం లేక సొంత మైకు వెంట పెట్టుకుని తిరిగేవాడు. ఆయన ఒకరోజు, దేశం ఆ చివర సముద్రం దాకా సైకిలు యాత్ర చేసి దారి పొడుగునా కళ్లజోళ్లు సేకరిస్తామని ప్రకటించాడు. కుర్రాళ్లు ఎగబడి పేర్లిచ్చారు. తీరా బయల్దేరే వారానికి అందరికీ కూడబలుక్కున్నట్టు మోకాళ్లనొప్పులొచ్చాయి. కుర్రాళ్లతో పాటు పేర్లిచ్చిన మన డ్రైవరూ కండక్టరూ, నిజంగా మోకాళ్లు అరిగిన ఆ ఇద్దరే మిగిలారు.

బయల్దేరే ముందు ఒక్క విషయం దగ్గర పేచీ వచ్చింది.

"అన్నా, నేను ముందు తొక్కుతా. నువ్వు నా వెనక రా," అన్నాడు కండక్టరు.

"కండక్టరు ముందూ, డ్రైవరు వెనకానా? ఏ డిపోలో చూశావురా? జనం నవ్విపోతారు."

"నీకు పక్కలు కనపడవు కదా..."

"పక్కలు చూడ్డానికేగా నువ్వున్నది! ఎదర నేను చూసుకుంటా. నువ్వు ఈల మర్చిపోకుండా తెచ్చుకో, చాలు."

అలా డ్రైవరు ముందు, కండక్టరు వెనక, ఇద్దరి వెనకా మైకు కట్టిన జీపులో అధ్యక్షుడు. పెద్ద రోడ్లు వదిలేసి ఊళ్ల మీదుగా పోయే చిన్నదారులు పట్టారు. ఆవు అడ్డొస్తే ఒక ఈల. అది తన ఆలోచన తేల్చుకుని పక్కకి పోతే రెండు ఈలలు. "కుర్రాడిలా దూసుకుపోతున్నాడు!" అని అధ్యక్షుడు జీపులోంచి మురిసిపోయేవాడు.

ఎండ ముదిరితే ఆయనకు జాలేసేది. "ఊరి మొదటిదాకా జీపులో వచ్చేయండయ్యా, అక్కడ దిగి తొక్కుదురుగాని. ఫొటోకి చెమట కావాలంటే నీళ్లు చల్లుకుందాం," అనేవాడు.

"చెమట మా దగ్గర ఊరికే దొరుకుతోంది కదండీ," అని డ్రైవరు పెడలు తొక్కేవాడు.

ఊరూరా సన్మానాలే. చూపు ఎంత విలువైనదో ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు కళ్లు మూసుకుని ఉపన్యసించేవారు. పెట్టెలో మాత్రం ఒంటికాలి జోళ్లు, అద్దాల్లేని ఫ్రేములు, పిల్లలాడుకునే ప్లాస్టిక్కు కళ్లద్దాలు పడేవి. ఒకచోట ఒక పెద్దమనిషి ఆవేశం ఆపుకోలేక తను పెట్టుకున్న జోడే తీసి దానం చేశాడు. చప్పట్లు మోగాయి, ఫొటో తీశారు. తర్వాత స్టేజీ మెట్లు కనపడక, తడుముకుంటూ పెట్టె దగ్గరికొచ్చి, "బాబూ, ఇందాకటిది ఒకసారి ఇటిస్తావా?" అని గొంతు తగ్గించి అడిగాడు. కండక్టరు దాన్ని వెతికి, శుభ్రంగా తుడిచి, ఆయన ముక్కు మీద తనే పెట్టి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

ఇన్ని సభల్లో, ఇన్ని దండల మధ్య, ముందు తొక్కే మనిషికి చూపు ఆనడం లేదని ఒక్కరూ చూడలేదు. చూసింది దారిపక్క టీ కొట్టావిడ ఒక్కతే. కండక్టరుకు గ్లాసు బల్ల మీద పెట్టింది. డ్రైవరుకు మాత్రం చేతికే ఇచ్చి, వేళ్లు గ్లాసు చుట్టూ మూసి, "వేడిగా ఉంది నాయనా, నిదానంగా తాగు," అంది. ఇంకేమీ అడగలేదు. వెళ్లేటప్పుడు గల్లాపెట్టె మీదున్న తన పాత కళ్లజోడు తీసి పెట్టెలో వేసింది. దానికి రెండు కాళ్లూ రెండు అద్దాలూ ఉన్నాయి. ఆవిడ చల్లగా ఉండాలని కండక్టరు ఆ సాయంత్రం ప్రార్థనలో ప్రత్యేకంగా అడిగాడు.

సముద్రం ఇంక ఒక్క పూట దూరం ఉందనగా వచ్చిన ఊళ్లో అందరికంటే పెద్ద సభ. దారికి అటూ ఇటూ జనం. ఎదురుగా స్టేజీ, స్టేజీకి అడ్డంగా రెండు పెద్ద కళ్లు గీసిన గుడ్డ బ్యానరు. అధ్యక్షుడు మైకులో, "గట్టిగా ఉత్సాహపరచండి!" అన్నాడు. జనం ఈలలు వేశారు.

ఎవరో ఒక ఈల వేశారు. డ్రైవరు టక్కున ఆగాడు. రెండు వినపడ్డాయి. కదిలాడు. మళ్లీ ఒకటి. ఆగి, కాలు కింద పెట్టాడు. తమకోసమే విన్యాసాలు చేస్తున్నాడనుకుని జనం ఇంకా రెచ్చిపోయారు. "అన్నా, ఆగు! అది నేను కాదు!" అని కండక్టరు అరిచిన అరుపు ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. ఎక్కడినుంచో నికార్సయిన రెండు ఈలలు వచ్చాయి. ఎదుటి గుడ్డ ఎంత దగ్గరో ఆ గొట్టపు చూపుకు అందక, ఇన్నేళ్ల నమ్మకంతో డ్రైవరు తొక్కుకుంటూ పోయి, బ్యానరు మీది ఎడమ కంట్లోంచి స్టేజీ కిందికి దూరిపోయాడు.

దెబ్బలు పెద్దవేం కాదు. దాచిందే బయటపడింది. లేపబోయి అధ్యక్షుడు పక్కనుంచి చెయ్యి చాపితే, డ్రైవరు ఆ చేతిని చూడలేదు.

బస ఇచ్చిన గదిలో అధ్యక్షుడు తలపట్టుకున్నాడు. "ఎంత పని చేశారయ్యా! చూపు కోసం యాత్ర, ముందు తొక్కేవాడికే చూపు లేదు! లోకం ఏమంటుంది?"

"నాకు జోడు పనిచేయదు సార్," అన్నాడు డ్రైవరు, మోచేతి మీది మట్టి దులుపుకుంటూ. "పనిచేసేవాళ్లకైనా దొరకనీ అనుకున్నా. సముద్రం చూడాలన్న ఆశ కూడా ఉంది, అబద్ధమెందుకు."

"చూద్దువుగాని, ఎవరొద్దన్నారు? రేపు ఇద్దరూ జీపెక్కండి. ఒడ్డున దింపుతాను."

డ్రైవరు కండక్టరు వైపు అనుకుని గోడ వైపు తిరిగి, "మళ్లీ బస్సు తిప్పమంటున్నారురా," అన్నాడు.

కండక్టరు లేచి అధ్యక్షుడి ముందు నిలబడ్డాడు. "సార్, పాడు దారుల్లో ఇంత దూరం వచ్చాం. ఒక్కసారి పడ్డాడా? ఆవులు పడెయ్యలేదు, గోతులు పడెయ్యలేదు. మన సన్మానమే పడేసింది."

అధ్యక్షుడు చెడ్డవాడు కాదు. దారిలో కండక్టరుకు దగ్గు పట్టుకుంటే తన ఫ్లాస్కులోని వేణ్ణీళ్లు తాగించింది ఆయనే. కిటికీలోంచి చిరిగిన బ్యానరును చూశాడు. దాని కుడి కన్ను ఇంకా ఆయన్నే చూస్తోంది.

"సరే. తొక్కండి," అన్నాడు చివరికి. "నన్నేం చెయ్యమంటావో చెప్పు. ఒడ్డున పందిరి వేయిద్దామా? బ్యాండు మాట్లాడనా?"

కండక్టరు మెడలోని ఈల తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ వేసుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"ఒక్క సాయం చెయ్యండి సార్. రేపు ఒక్క పూట మీ మైకు ఆపేసి జీపులోనే ఉండనివ్వండి. మీరు మాకంటే ముందెళ్లి, దారిలో కనపడ్డ ప్రతివాళ్లకీ మెల్లిగా, చెవిలో చెప్పండి, ఎవరూ ఈల వెయ్యొద్దని."